పైకప్పులో దిగబడ్డ మూత

కుక్కర్ మాస్టారంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, దానితో ఎవరికీ పనిపడలేదు. పాడైన ప్రెషర్ కుక్కర్లు బాగు చేయడం ఆయన బతుకుతెరువు. వాటిని తెచ్చినవాళ్ళను నిలబెట్టి క్లాసు పీకడం ఆయన సరదా. మాస్టారన్న మాట ఆ రెండోదానివల్లే అంటుకుంది. లేకపోతే, ఆయన బడికి వెళ్ళిన రోజులకన్నా ఎగ్గొట్టిన రోజులే ఎక్కువని ఆయన భార్యే నలుగురిలో చెబుతుంటుంది.

ఇంటి ముందుగదే దుకాణం. గోడకు కొట్టిన మేకులకు మూతలు, కొక్కేలకు రబ్బరు గ్యాస్కెట్లు, రేకు డబ్బాల్లో మరలు, పిడులు, వాల్వులు. మూలన ఒక స్టవ్ ఉంటుంది. బాగు చేసిన కుక్కర్లో ఒట్టి నీళ్ళు పోసి దాని మీద పెట్టి, ఆవిరి పక్కదారి పట్టడం లేదని తేలేదాకా ఎవరి కుక్కర్ వాళ్ళకివ్వడు. వీధిలో ఎవరింట్లోనో విజిల్ వచ్చిందంటే చేతిలో పని ఆపి చెవి అటు పెడతాడు. "గొంతు పట్టేసినట్టుంది చూడు ఆ కూత. వెయిట్ కింద చెత్త అడ్డం పడింది" అంటాడు. ఆ ఇంటివాళ్ళు కుక్కర్ చంకన పెట్టుకుని ఆ వారంలోనే దిగుతారు. ఆ చెవి మాత్రం నిజంగా ఉంది మనిషికి, కాదనకూడదు.

ఇక ఆ క్లాసు సంగతి. వచ్చినవాళ్ళు బ్యాంకు ఆఫీసరే కానీ, బట్టలు ఉతికేవాడే కానీ, ఆయనకు అందరూ ఒకటే. మూత తీసి, రబ్బరు బయటికి లాగి, దాన్ని వాళ్ళ ముఖం ముందు ఆడించేవాడు. "ఏంటండీ ఇది? రబ్బరా, రాయా? ఇంట్లో వండిపెట్టే మనిషి ప్రాణం కంటే ఈ ముక్క ఎక్కువైపోయిందా మీకు?" అనేవాడు. వాళ్ళు తలొంచుకునేవాళ్ళు. ఇంటికెళ్ళి భార్యకేసి కాస్త భయంగా చూసేవాళ్ళని కూడా అంటారు.

మరి ఇంత చెప్పే మనిషి ఇంట్లో కుక్కర్ ఎలా ఉండాలి? మీరే చెప్పండి.

దాన్ని కుక్కర్ అంటే మిగతా కుక్కర్లు నొచ్చుకుంటాయి. గిన్నె ఎవరో దుకాణంలో వదిలేసి పోయింది. మూత ఇంకెవరిదో. రెండూ ఒక కంపెనీవి కావు. పొసగనంటే పొసగనని మొరాయిస్తుంటే, అంచులు ఆకురాయితో అరగదీసి, మెడలు వంచి కాపురం చేయించాడు. పిడి మూడోదానిది. అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం సేఫ్టీ వాల్వు. లోపల ఆవిరి ఎక్కువైతే తాను కరిగిపోయి దారి ఇచ్చి, ఇల్లు కాపాడేది ఆ చిన్న ముక్కే. అతుకుల సంసారం కదా, అది మాటిమాటికీ కరిగేది. మార్చీ మార్చీ విసుగొచ్చి, ఒకరోజు ఆ చిల్లులో బోల్టు పెట్టి గట్టిగా బిగించేశాడు. "ఇవాళ్టికి కానివ్వు, రేపు మంచి వాల్వు వేస్తా" అన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

"ఏమండీ, వీధిలో అందరివీ చూస్తారు. మనింట్లోది ఒక్కసారి చూడకూడదా?" అని ఆవిడ అడిగితే, "నేనుండగా నీకు భయమేంటే?" అనేవాడు. ఆవిడ అడిగీ అడిగీ ఊరుకుంది. గోడకు చెప్పుకున్నా ఈపాటికి గోడ కదిలేదని గొణుక్కునేది.

అసలు దుకాణం పరిస్థితే అంతంతమాత్రంగా ఉంది. వీధి మలుపులో కొత్త సామాన్ల షాపు వెలిసింది. అద్దాల తలుపులు, పట్టపగలే లైట్లు, లోపల తళతళలాడే కుక్కర్ల బారులు. పాతది పడేసి కొత్తది పట్టుకెళ్ళమని వాడు పిలుస్తుంటే, బాగు చేయించుకునేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. మిగిలినవాళ్ళు కూడా ఒకే ఒక్క మాట పట్టుకుని వస్తున్నారు. 'మాస్టారి చెయ్యి పడిన కుక్కర్ పేలదు.' ఈ మాట మొదట అన్నది పైఅంతస్తులో ఉండే ఇంటి యజమానురాలు. రిటైరైన హెడ్మిస్ట్రెస్, అందరికీ టీచరుగారే. మాస్టారికి ఈ ముందుగది ఇచ్చింది ఆవిడే, మొదటి బేరం ఆవిడదే, కనబడ్డవాళ్ళందరికీ చెప్పి పంపిందీ ఆవిడే. వీధి వీధంతా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే కాబట్టి ఆవిడ మాటకు తిరుగులేదు. ఆ ఒక్క మాట పోయిందంటే దుకాణానికి తాళం వేసుకోవడమే. ఆ సంగతి మాస్టారికి బాగా తెలుసు.

ఆ రోజు పొద్దున బ్యాంకాయన వంతు వచ్చింది. మాస్టారు ఆయన రబ్బరు వేలికి తగిలించుకుని, మంచి ఊపుమీద ఉన్నాడు. "కుక్కర్ అంటే ఏమనుకున్నారు మీరు? పొయ్యి మీద పెట్టిన బాంబండీ! దానికి మర్యాద ఇస్తే..."

ఢామ్మని పేలింది.

ఇల్లు అదిరింది. మేకులకున్న మూతలన్నీ గణగణ మోగాయి. రేకు డబ్బా ఒకటి కిందపడి మరలన్నీ గది నిండా దొర్లాయి. మాస్టారి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో, దేనివల్ల వచ్చిందో, ఆ చెవికి ఒకరు చెప్పక్కర్లేదు.

"ఏంటండీ అది?" అన్నాడు బ్యాంకాయన, బల్ల కిందనుంచి.

"లారీ టైరు" అన్నాడు మాస్టారు. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. "మలుపులో ఎప్పుడూ పేలుతుంటాయి. మీరు రేపు రండి, రబ్బరు మార్చి ఉంచుతాను." ఆయన్ని బల్ల కిందనుంచి లాగి, దుమ్ము దులిపి, బయటికి సాగనంపి, తలుపు గడియ పెట్టి అప్పుడు లోపలికి పరిగెత్తాడు.

వంటగది గుమ్మంలో భార్య నేలమీద కూర్చుని ఉంది. చెయ్యి తువ్వాలులో చుట్టుకుని ఉంది. తుడుచుకుంటోంది కాబోలనుకున్నాడు. మనిషి కూర్చునే ఉంది, కళ్ళు తెరిచే ఉంది, అంటే బాగానే ఉన్నట్టు లెక్క. ఆవిణ్ణి దాటుకుని లోపలికి వెళ్ళి స్టవ్ కట్టేశాడు. ఆ రోజంతా కలిపి ఆయన చేసిన మంచిపని అదొక్కటే.

తరవాత తలెత్తి చూశాడు. గోడల నిండా బఠాణీలు. కిటికీ అద్దం మూలనుంచి మూలకు చిట్లింది. అల్మరా తలుపు ఒక్క బందు మీద వేలాడుతోంది. గోడ గడియారం ఆగిపోయింది. స్టవ్ నడుం వంగిపోయింది. గిన్నె సింకులో బోర్లా పడి ఉంది. మూత ఎక్కడా లేదు. వెతికి వెతికి పైకి చూస్తే అక్కడుంది మహాతల్లి! ప్లాస్టర్ పలకల సీలింగ్‌లో సగందాకా దిగబడిపోయి, పిడి కిందికి వేలాడేసుకుని ఉంది. బఠాణీ పొట్టు వెళ్ళి వెయిట్ కింద రంధ్రం మూసేసింది, ఆవిరికి దారి లేదు, దారి ఇవ్వాల్సిన వాల్వు చోట బోల్టు. ఇంత జరిగినా ఆ బోల్టు మాత్రం ఆవగింజంత కదలలేదు. సిగ్గు లేకపోతే సరి, ఆ క్షణంలో ఆయనకు తన బిగింపు చూసి కాస్త గర్వం కూడా వేసింది.

వెంటనే దుకాణం గుర్తొచ్చింది. భార్యకేసి తిరిగాడు.

"ఎవరైనా విన్నారా?" అన్నాడు.

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. ఇంకేమైనా అడుగుతాడేమోనని ఎదురుచూసినట్టే ఉంది.

"తెలియదు" అంది చివరికి.

"పైన టీచరుగారు ఉందో లేదో! ఆవిడ చెవిన పడిందా, అయిపోయాం. మన కొంప మునిగినట్టే. నువ్వెళ్ళి చూసిరా. ఏదో వంక పెట్టి వెళ్ళు. విన్నదో లేదో కనుక్కో, నోరు మాత్రం జారకు."

ఆవిడ గోడ పట్టుకుని లేచి, మెట్లెక్కి వెళ్ళింది. చాలాసేపటికి గానీ దిగలేదు. దిగేటప్పుడు ఒంటిమీద మెరూన్ రంగు స్వెట్టర్ ఉంది, పొడుగు చేతులది. టీచరుగారిది. మాస్టారికి కనబడకపోలేదు. ఆ రంగు ఆవిడకు నప్పలేదని మాత్రం అనుకున్నాడు.

"ఏమంది?"

"స్నానాలగదిలో ఉన్నారట. నీళ్ళ చప్పుడులో ఏమీ వినబడలేదట."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు. ఇక ఆనవాళ్ళు లేకుండా చేస్తే చాలు. చీపురు పట్టాడు, చేట పట్టాడు. బఠాణీలు ఒక్కొక్కటీ గోకి తీశాడు. అల్మరా తలుపు తీగతో కట్టాడు. చిట్లిన అద్దానికి కాగితం అంటించాడు. స్టూలెక్కి మూత పిడి పట్టుకుని లాగితే, మూత రాలేదు గానీ చాటంత పలక ఊడి నెత్తిన పడింది. ఇంకోసారి లాగితే సీలింగ్ మొత్తం దిగేలా ఉంది. ప్లాస్టర్ పొడి తెచ్చి తనే కలిపాడు. కుక్కర్లలో ఆరితేరాడు గానీ ప్లాస్టర్ సంగతి ఆయనకేం తెలుసు? స్టూలెక్కేలోగా అది గిన్నెలోనే గట్టిపడిపోయింది, గరిటెతో సహా. ఆ గరిట మరి బయటికి రాలేదు.

అప్పుడు మెరిసింది ఒక ఆలోచన. మధ్యగదిలోని దీపానికున్న గుడ్డ గొడుగు ఊడదీసి, తీసుకొచ్చి ఆ వేలాడే పిడికి తగిలించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. అచ్చం లైటులా ఉంది. "ఎలా ఉంది?" అన్నాడు భార్యతో. ఆవిడ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం టీచరుగారు దిగనే దిగింది. వంటగదిలో కుర్చీ లాక్కుని, మాస్టారి భార్య ఇచ్చిన టీ అందుకుని కూర్చుంది.

"మాస్టారూ, వంటింట్లో కొత్త లైటు పెట్టించారా! బాగుందే. ఏదీ, ఒకసారి వెలిగించండి."

"వెలగదండీ" అన్నాడు మాస్టారు. "అంటే, ఇంకా... వైరింగ్ అవలేదండి."

"వైరింగ్ లేకుండా ముందు గొడుగు తగిలించారా?"

"శుభ్రంగా ఉంటుందనండీ."

టీచరుగారు కళ్ళజోడు సవరించుకుని పైకి చూసింది. "చుట్టూ ఈ పగుళ్ళేంటి? పలక ఊడిపోయినట్టుందే?"

ఇక్కడే మాస్టారి నాలుక అడ్డదారి తొక్కింది. పొద్దున భార్య చెప్పిన స్నానాలగది మాట మనసులో మెదులుతోంది కదా, అదే పట్టుకున్నాడు. "చెప్పకూడదనుకున్నానండీ. పైనుంచి నీళ్ళు దిగుతున్నాయి. మీ స్నానాలగది నేల ఎక్కడో లీకవుతోందనుకుంటా. తడికి నాని ఊడింది."

"అయ్యో! నా స్నానాలగదా?"

అప్పుడే సీలింగ్‌లోంచి ఏదో టప్పుమని ఆవిడ టీకప్పులో పడింది. ఆవిడ చెంచాతో తీసి వెలుతురులో పెట్టి చూసింది. బఠాణీ గింజ.

"నీళ్ళతో పాటు ఇవి కూడా దిగుతున్నాయా, మాస్టారూ?"

మాస్టారు పైకి చూశాడు. "ఎలుకలండీ" అన్నాడు. "పైకి చేరేస్తుంటాయి."

"ఉడకబెట్టి మరీ చేరేస్తున్నాయే!" అంది టీచరుగారు. ఆ గింజను సాసరు అంచున జాగ్రత్తగా పెట్టింది. "సరే, ఎలుకల సంగతి మీరు చూసుకోండి, స్నానాలగది నేను చూసుకుంటాను. నా ఇంటివల్ల మీ వంటిల్లు పాడైతే ఊరుకుంటానా? మేస్త్రీని పిలిపించి నేలంతా తవ్విస్తాను."

"అబ్బెబ్బే! ఎందుకండీ అంత శ్రమ! అదే ఆరిపోతుంది."

"మీరు మొహమాటపడకండి. న్యాయం న్యాయమే." ఆవిడ లేచి, గుమ్మంలో నిలబడ్డ మాస్టారి భార్య భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో మాస్టారికే తెలియాలి. భార్య మాట్లాడటం మానేసింది. అడిగినదానికి ఊఁ, ఉహుఁ, అంతే. ఉక్కపోస్తున్నా స్వెట్టర్ విప్పదు. "ఇంత ఉక్కలో ఆ స్వెట్టరేంటే?" అంటే, "చలిగా ఉంది" అంటుంది. కోపమనుకున్నాడు. అన్నం ఎడమచేత్తో వడ్డించింది. అదీ కోపమే అనుకున్నాడు. ఉతికిన బట్టలు బకెట్టుతో తెచ్చి ఆయన ముందు పెట్టి, "పిండి ఆరేయండి" అంది. ఇది శిక్ష అనుకుని మారుమాట్లాడకుండా పిండాడు. వీధి చివర కుక్కర్ గొంతు పట్టేసిందని కనిపెట్టే మనిషి, ఇంట్లో మనిషి కుడిచెయ్యి ఎందుకు దాస్తోందని ఒక్కసారి అనుకోలేదు. దుకాణం కాపాడుకునే ఆరాటంలో ఉన్నాడు పాపం. పాపమని ఎందుకన్నానో నాకే తెలియదు, నాలుగు తగిలించాల్సింది.

ఒకరోజు మధ్యాహ్నం దుకాణంలో కూర్చుని ఎవరిదో కుక్కర్ విప్పుతున్నాడు. పైన ధన్‌మని చప్పుడైంది. ఆగి మళ్ళీ ధన్ ధన్ మంది. సుత్తి దెబ్బలు. సరిగ్గా స్నానాలగది ఉన్న చోటే.

మాస్టారు స్క్రూడ్రైవర్ కింద పెట్టి తలెత్తాడు. మేస్త్రీ వచ్చేశాడన్నమాట! టీచరుగారి స్నానాలగదంటే ఆవిడకు ప్రాణం. తెల్లటి పలకలు తనే దగ్గరుండి వేయించుకుంది, అద్దంలా తుడుచుకుంటుంది. ఏ చీడా లేని నేలను తన మాట నమ్మి పగలగొట్టించుకుంటోంది. వినకుండా ఉందామని చెవులు మూసుకున్నాడు. దెబ్బ కాళ్ళలోంచి తెలుస్తోంది. గట్టిగా ఏదైనా పాడుకుందామనుకున్నాడు, ఒక్క పాటా గుర్తుకు రాలేదు. చెబితే దుకాణం పోతుంది. చెప్పకపోతే, ఆ దుకాణం ఇచ్చిన మనిషి ఇల్లు పోతుంది. 'ఆవిడకు ఉన్న సొత్తల్లా ఆ ఇల్లే కదరా' అనుకున్నాడు. ఇంకో దెబ్బ పడేసరికి వంటగదిలో ఫెళ్ళున ఏదో కూలింది. వెళ్ళి చూస్తే మూత ఊడి, గుడ్డగొడుగుతో సహా సింకులో పడి ఉంది. పైన గుండ్రటి చిల్లు నోరు తెరుచుకుని ఉంది.

"పోతే పోయింది వెధవ దుకాణం!" అనుకుని మెట్లెక్కాడు. ఎక్కుతున్నంతసేపూ ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. టీచరుగారి తలుపు తెరిచే ఉంది. ఆవిడ ముఖం చూస్తే నోరు పెగలదని, గుమ్మంలోనే నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు అందుకున్నాడు.

"టీచరుగారూ, ఆపించండి! మీ స్నానాలగదికి ఏ రోగమూ లేదు. నీళ్ళు దిగలేదు, ఎలుకలు లేవు. అది లైటు కాదు, కుక్కర్ మూత. మా ఇంటి కుక్కర్ పేలింది. నేను అతికిన కుక్కరే. వాల్వు చోట బోల్టు బిగించింది నేనే. దుకాణం పోతుందని అబద్ధమాడాను. మీ నోటితో నలుగురికీ చెప్పండి, ఖాళీ చేయమన్నా చేస్తాను. ఆ నేల మాత్రం తవ్వకండి!"

సుత్తి చప్పుడు ఆగింది. కళ్ళు తెరిచాడు.

మేస్త్రీ ఎక్కడా లేడు. స్నానాలగది గుమ్మం ముందు ఒక మందపాటి చెక్క పడి ఉంది. దాని ముందు పీట మీద మాస్టారి భార్య కూర్చుని ఉంది. ఎడమచేతిలో సుత్తి. కుడిచెయ్యి టీచరుగారి ఒళ్ళో ఉంది, స్వెట్టర్ చెయ్యి మోచేయి పైదాకా మడిచి ఉంది. మణికట్టు నుంచి మోచేయిదాకా చర్మం కమిలి ఎర్రగా, అక్కడక్కడా పొక్కులు చితికి ఉంది. టీచరుగారు దూదితో మందు రాస్తోంది.

"నేను చెప్పలేదటమ్మా?" అంది టీచరుగారు తలెత్తకుండా. "మూత ఊడితే గానీ రాడని. గట్టిగా కొట్టమన్నది అందుకే."

మాస్టారు ఆ చెయ్యికేసి చూస్తూ నిలబడిపోయాడు. గుమ్మంలో కూర్చున్న మనిషి, తువ్వాలు, స్వెట్టర్, ఎడమచేతి వడ్డన, బట్టల బకెట్టు, అన్నీ ఒక్కసారి వచ్చి మీదపడ్డాయి.

"ఇది... ఆ రోజుదా?" అన్నాడు.

"విజిల్ రావడం లేదని మిమ్మల్ని పిలుద్దామని గుమ్మందాకా వచ్చాను" అంది ఆవిడ. "ఇంకో అడుగు వెనకుంటే చెయ్యితో పోయేది కాదు. మీరు వచ్చారు. నన్ను దాటుకుని వెళ్ళారు. ఎవరైనా విన్నారా అని అడిగారు. విన్నారండీ. ఈ టీచరుగారు విన్నారు. మెట్లు దిగుతూ ఎదురొచ్చారు. విని, ముందు నా చెయ్యి చూశారు."

మాస్టారు అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఎంతమందిని నిలబెట్టి అడిగాడు! వండిపెట్టే మనిషి ప్రాణం కంటే రబ్బరు ముక్క ఎక్కువా అని! సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా, భార్య దగ్గరికి జరిగి ఆవిడ స్వెట్టర్ అంచుతో ముక్కు తుడుచుకున్నాడు. అది టీచరుగారిదని భార్య గుర్తు చేసింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు భార్యతో.

"ఇప్పుడు అడుగుతారా?" అంది ఆవిడ. తరవాత, "ఉంది. రాత్రుళ్ళు మంటగా ఉంటోంది" అంది. ఆ ఒక్క మాట చెప్పుకోవడానికి ఇన్నాళ్ళూ ఆగినట్టుంది, చెప్పగానే ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

"ఇద్దరూ ఏడ్చి నా నేల తడిపితే ఈసారి నిజంగానే కిందికి దిగుతాయి నీళ్ళు" అంది టీచరుగారు. "ఖాళీ చేయించడం సంగతి తరవాత. ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది, మాస్టారూ. మలుపులో షాపుకెళ్ళి కొత్త కుక్కర్ కొనుక్కురండి. సంచిలో పెట్టుకుని సందుల్లోంచి కాదు. నడివీధిలోంచి, చేత్తో పట్టుకుని, అందరూ చూస్తుండగా."

మాస్టారికి ఆ శిక్ష ఏమిటో వెంటనే అర్థమైంది. టీచరుగారు ఊరికే హెడ్మిస్ట్రెస్ కాలేదు.

వెళ్ళాడు. అద్దాల తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టేసరికి షాపువాడు లేచి నిలబడ్డాడు, గొడవకొచ్చాడనుకుని. సంగతి తెలిశాక వాడి ముఖం చూడాలి! కొత్త కుక్కర్‌ను రెండు చేతుల్తో పొట్టకు హత్తుకుని మాస్టారు నడివీధిలో నడుస్తుంటే కిటికీలు తెరుచుకున్నాయి. మధ్యలో బ్యాంకాయన ఎదురయ్యాడు.

"ఇదేంటి మాస్టారూ, మీరు కొత్తది కొన్నారా?"

"కొన్నానండి. మొన్న పేలింది లారీ టైరు కాదు. మా ఇంటి కుక్కర్. నేను చేసిందే. మా ఆవిడ చెయ్యి కాలింది" అన్నాడు మాస్టారు. గట్టిగానే అన్నాడు. కిటికీలన్నీ విన్నాయి.

పాత మూతను బోల్టుతో సహా దుకాణం ముందు మేకుకు తగిలించాడు. అడిగినవాళ్ళందరికీ దాని కథ చెబుతాడు, ఒక్క ముక్క దాచడు. కొందరు ఆ కథ విని మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కొందరు ఆ మూత చూసి భయపడి, ఇంట్లో మూలనపడ్డ కుక్కర్లు కూడా తెచ్చి చూపించుకున్నారు. దుకాణం మునుపటంత లేదు, అలాగని మూతా పడలేదు. టీచరుగారు కూడా ఖాళీ చేయమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. సీలింగ్ మాత్రం అసలైన మేస్త్రీ వచ్చి వేశాడు. ప్లాస్టర్‌లో బిగుసుకుపోయిన గరిట వాడి చేతిలో కూడా ఊడి రాలేదు.

ఆవిడ చెయ్యి మానేదాకా వంట మాస్టారే చేశాడు. అది వేరే ప్రమాదం, దాని గురించి తరవాత ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు మళ్ళీ ఆవిడే వండుతోంది. ఒక కొత్త అలవాటు మాత్రం మిగిలిపోయింది. మాస్టారు దుకాణంలో ఎంత పెద్దమనిషికి క్లాసు పీకుతున్నా సరే, లోపల విజిల్ వినబడగానే టక్కున ఆగి, మెడ వెనక్కి తిప్పి గట్టిగా కేకేస్తాడు.

"ఏమే! బాగానే ఉన్నావా?"

"ఉన్నాను లెండి!" అని లోపల్నుంచి అంతకంటే పెద్ద కేక వస్తుంది.

వీధంతా వింటుంది. మాస్టారు ఎవరు విన్నారని చూడడు, జవాబు వచ్చాకే మళ్ళీ రబ్బరు చేతిలోకి తీసుకుంటాడు.